బిల్టీలో ఆ ఖాళీ గడి

సంపాదకులకు నమస్కారం.

లారీ బిల్టీ, అంటే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇచ్చే సరుకు రసీదు, ఒకటి చేతిలోకి తీసుకుని కుడిపక్కన చూడండి. కిరాయి, హమాలీ (సరుకు ఎత్తి దించే కూలీ), స్టాటిస్టికల్ చార్జీ, డోర్ డెలివరీ, మొత్తం అని నిలువుగా గడులు అచ్చేసి ఉంటాయి. కిరాయి గడిలో అంకె వేస్తారు, లేదంటే ‘పెయిడ్’ అనో ‘టు పే’ అనో రాస్తారు. దాని కిందున్న హమాలీ గడిని మాత్రం ఫుల్ లోడు బిల్టీల్లో చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఎగుమతి దగ్గర, అంటే లారీకి సరుకు ఎత్తే చోట, దీనివల్ల పెద్ద చిక్కు రాదు. అక్కడా పేచీలుంటాయి గానీ లారీ ఇంకా ఖాళీగానే ఉంటుంది కాబట్టి డ్రైవరు ‘మీ లోడు నాకొద్దు’ అని తిప్పుకుని పోగలడు. ఐదారు వందల కిలోమీటర్లు నడిపి, పాతిక టన్నుల సరుకుతో గోదాము గేటు ముందు నిలబడ్డవాడికి ఆ వెసులుబాటు లేదు. దిగుమతి హమాలీ, అంటే సరుకు దించే కూలీ, ఎవరిదో కాగితం మీద లేదు గనక ఆ గడిని డ్రైవరు జేబుతో నింపుతున్నారు.

ముందు లెక్క చూద్దాం. అంకెలు నమూనాకే, రూటును బట్టి, సరుకును బట్టి మారతాయి. పన్నెండు టైర్ల లారీలో 25 టన్నుల బియ్యం, అంటే 50 కిలోల బస్తాలు 500. దూరం 600 కిలోమీటర్లు, కిరాయి టన్నుకు 1,400 చొప్పున 35,000 అనుకుందాం. లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే డీజిలు 150 లీటర్లు, లీటరు 97 లెక్కన 14,550. టోల్ 4,500. డ్రైవరు, క్లీనరు బత్తా 3,500. బ్రోకరు కమీషన్ 1,000. చేతిలో మిగిలేది 11,450. మూడు రోజుల ట్రిప్పు కాబట్టి నెలకు 60,000 ఫైనాన్స్ కిస్తీలో ఈ ట్రిప్పు వాటా 6,000. టైర్ల అరుగుదల, ఇన్సూరెన్సు, పర్మిటు, పన్ను కలిపి 2,500. ఇక ఓనరుకు మిగిలింది 2,950.

ఇప్పుడు గోదాము దగ్గరికి రండి. బస్తాకు 6 రూపాయల దిగుమతి హమాలీ 3,000. తాడు, టార్పాలిన్ పేరుతో 200. కాటా 150. గేటు ఎంట్రీ 100. హమాలీల ముఠాకు టీ డబ్బులు 200. లారీ అడుగు చిమ్మినందుకు 100. మొత్తం 3,750. మూడు రోజులు బండి తిరిగి ఓనరు 800 ఎదురు పెట్టుకున్నాడన్నమాట. తిరుగు లోడు కోసం పడే నిరీక్షణ ఈ లెక్కలో లేదు.

ఈ డబ్బు ఎవరి జేబులోంచి పోతుందన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కొందరు ఓనర్లు ట్రిప్పు ఖర్చు గుత్తగా ఇచ్చేస్తారు, అప్పుడు నష్టం నేరుగా డ్రైవరుదే. కొందరు ‘అయిన ఖర్చు లెక్క రాయి’ అంటారు. రసీదు లేని 3,750 లెక్కలో కనబడితే ఓనరుకు అనుమానం, అనుమానిస్తే డ్రైవరుకు కోపం. ఇద్దరి మధ్య నమ్మకం చెడిపోయేది చాలాసార్లు ఇలాంటి చీటీ లేని ఖర్చుల దగ్గరే. పన్ను లెక్కలోనూ ఓనరుకు ఊరట లేదు. పది బండ్లలోపు ఉన్న చిన్న ఓనర్లు అంచనా పద్ధతిలో పన్ను కడితే, 12 టన్నులు దాటిన బండికి స్థూల బరువులో ప్రతి టన్నుకూ నెలకు 1,000 ఆదాయం వచ్చినట్టే లెక్క. గోదాముల దగ్గర ఎంత పోయిందన్నది అందులో ఎవరూ అడగరు.

గేటు దగ్గర జరిగే తంతు తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెప్పాలి. లారీ రాగానే వాచ్‌మన్ ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం), బిల్టీ కాపీలు తీసుకుంటాడు. రిజిస్టర్లో అప్పుడే రాయడు. రోడ్డు పక్కన పెట్టుకోమంటాడు. లోపలికి పిలిచినప్పుడే ఎంట్రీ పడుతుంది. నిన్న ఉదయం ఎనిమిదికి వచ్చిన బండి రిజిస్టరు ప్రకారం ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి వచ్చినట్టు. బండిని నిలబెట్టినందుకు హాల్టింగ్ చార్జీ అడిగితే ఆ రిజిస్టరే తెచ్చి చూపిస్తారు. తర్వాత కాటా. తర్వాత తాడు. రెండు పక్కలా కొక్కేలకు బిగించిన ముడులు, అందులోనూ వానకు తడిసిన తాడైతే చేతితో ఊడిరావు, ఇనుప కడ్డీ దూర్చి వదులు చేయాలి. ఈ పని చేసేది డ్రైవరూ క్లీనరే. అయినా ‘తాడు డబ్బులు’ అని అడిగే గోదాములున్నాయి. వెనక తలుపు తెరిస్తే ‘డాలా మామూలు’ అనే చోట్లూ ఉన్నాయి.

తలుపు తెరిచే ముందు ముఠా మేస్త్రీ వస్తాడు. “అన్నా, హమాలీ ఎవరిది?” అంటాడు. గోదాము గుమస్తా తలెత్తకుండానే “లారీది” అంటాడు. డ్రైవరు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఫోన్ చేస్తే “పార్టీది, మనకు సంబంధం లేదు” అంటారు. లోడు ఇచ్చిన పార్టీకి చేస్తే “కిరాయిలోనే కలిపి మాట్లాడాం” అంటారు. ముగ్గురూ ముగ్గురే. ఈలోగా వెనకున్న బండికి పిలుపొస్తుంది. గంట గడిచాక డ్రైవరు తనంతట తానే జేబులో చెయ్యి పెడతాడు. అతని దగ్గర నగదు ఉంటుందనీ, అవతల ఇంకో లోడు మాట్లాడుకుని ఉంటాడనీ అక్కడున్న అందరికీ తెలుసు.

ఇంకో పద్ధతి దీనికంటే ఘోరం. ముందు ఏమీ అడగరు. రెండొందల యాభై బస్తాలు దించాక పని ఆపేస్తారు. టార్పాలిన్ తీసేసి ఉంటుంది, సరుకు సగం లోపల సగం బయట, పైన మబ్బు. అప్పుడు అడిగే రేటు వేరు. అందుకే పాత డ్రైవర్లు తాడు మీద చెయ్యి వేసే ముందే మాట తేల్చుకుంటారు. తాడు విప్పాక బేరం లేదు.

వసూళ్లన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. బస్తా వీపున మోసి నెట్టు (బస్తాల దొంతర) కట్టినందుకు ఇచ్చేది కూలీ, అది న్యాయంగా ముట్టాల్సిందే. పేచీ అది ఎవరివ్వాలన్న దాని మీదే. గోదాములో నెట్టు ఎత్తు పెరిగినా, లారీ నుంచి నెట్టు దాకా నడక దూరం పెరిగినా ముఠా ఎక్కువ అడుగుతుంది. అదీ న్యాయమే, కానీ నెట్టు ఎక్కడ కట్టాలో నిర్ణయించేది గోదాము, లారీ కాదు. ఒకే లారీలో నాలుగు రకాల సరుకు కలిపి ఎత్తితే దించేటప్పుడు వేరుచేయడానికి రెట్టింపు టైము పడుతుంది. ఆ ఖర్చు కలిపి ఎత్తినవాడిది. ఇక గేటు ఎంట్రీ, వరస ముందుకు జరిపినందుకు, సీలు తీసినందుకు, సంతకం పెట్టినందుకు అడిగేవాటి వెనక ఏ పనీ లేదు. అవి లంచాలు, ఆ పేరుతోనే పిలవాలి.

మేడ్చల్, శంషాబాద్ వైపు కొత్తగా వచ్చిన పెద్ద గోదాముల్లో వసూళ్లు ఇంగ్లిషు పేర్లు పెట్టుకున్నాయి. డాక్ స్లాట్ (సరుకు దించడానికి ఇచ్చిన టైము) తప్పితే రీషెడ్యూల్ చార్జీ, పెట్టెలు ప్యాలెట్ (సరుకు పేర్చే పీట) మీద లేకపోతే సార్టింగ్ చార్జీ. స్లాట్ తప్పడానికి కారణం ముందు బండి దించడం ఆలస్యం కావడమే అయినా లెక్కలో తప్పు వెనక బండిదే. అక్కడ హమాలీలు ఏజెన్సీ మనుషులు. ఏజెన్సీకి గోదాము పెట్టెకింత అని బిల్లు కడుతుంది. అదే పెట్టెకు గేటు దగ్గర డ్రైవరూ కడతాడు. ఒక పెట్టెకు రెండు కూలీలు, మోసినవాడికి మాత్రం ఒక్కటే. ఇది పట్టుకోవడానికి తేలిక మార్గం ఉంది. కట్టిన డబ్బుకు గోదాము పేరుతో నంబరున్న రసీదు అడగాలి. కంపెనీ పుస్తకాల్లోకి వెళ్లే డబ్బయితే రసీదు వస్తుంది. “రసీదులుండవు” అన్నారంటే ఆ డబ్బు ఎటు పోతోందో కంపెనీ హెడ్డాఫీసుకు కూడా తెలియకపోవచ్చు.

కొన్నిచోట్ల మాత్రం యాజమాన్యానికి తెలిసే జరుగుతోంది. హమాలీ కాంట్రాక్టు టెండరులో గిట్టుబాటు కాని రేటుకు ఒప్పుకున్నవాడు మిగతాది ఎక్కడ రాబట్టుకుంటాడో ఊహించడం కష్టం కాదు. గోదాముకు ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటే ఇదే.

డ్రైవరు నోరెత్తకుండా కట్టడానికి అసలు కారణం బిల్టీ వెనక పడే సంతకం, ముద్ర. దాన్ని డెలివరీ అంటారు, పీవోడీ (సరుకు చేరినట్టు రుజువు) అంటారు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బ్యాలెన్స్ కిరాయి ఇచ్చేది ఆ కాగితం చూసే. దాని మీద ‘సరుకు బాగుంది, లెక్క సరిపోయింది’ అని రాయాలా, ‘120 కిలోలు షార్టేజ్’ అని రాయాలా అన్నది గోదాము గుమస్తా కలంలో ఉంది. కిలో 45 లెక్కన 120 కిలోలకు 5,400 బ్యాలెన్సులో కోత. మూడు వేల హమాలీ కట్టి బయటపడడమే లాభం అనిపించేలా చేస్తారు.

ఈ షార్టేజ్ గొడవలో చాలా భాగం కాటా తెలియకపోవడం వల్ల వచ్చేదే. ఎగుమతి చోట నిండు లారీ తూకాన్ని, దిగుమతి చోట నిండు లారీ తూకంతో పోల్చి ‘తగ్గింది’ అంటారు. 150 లీటర్ల డీజిలు దారిలో కాలిపోతే దాని బరువే సుమారు 125 కిలోలు. అక్కడ తూచేటప్పుడు డ్రైవరు, క్లీనరు క్యాబిన్లో కూర్చుని ఉండి ఇక్కడ దిగి ఉంటే ఇంకో 130, 140 కిలోలు తేడా. వానకు తడిసిన టార్పాలిన్ దీనికి తిరగేసిన తప్పు చూపిస్తుంది. సరైన పద్ధతి ఒకటే. ఒకే కాటా మీద నిండు తూకం, ఖాళీ తూకం రెండూ తీసి, తేడాను ఎగుమతి చోట అలాగే తీసిన తేడాతో పోల్చాలి. రెండుసార్లూ మనుషులు క్యాబిన్లో ఉండాలి, లేదా రెండుసార్లూ దిగాలి. పెద్ద కాటాలు పది, ఇరవై కిలోల మెట్లలో చూపిస్తాయి కాబట్టి రెండు కాటాల మధ్య నలభై, యాభై కిలోల తేడాను దొంగతనం కింద జమకట్టకూడదు. కాటాకు తూనికలు కొలతల శాఖ ఏటా వేసే ముద్ర ఉందో లేదో చూసే హక్కు డ్రైవరుకు ఉంది. బస్తా సరుకులో అసలు లెక్క బస్తాలదే. 500 ఎక్కి 500 దిగి, కుట్టు తెగని బస్తాలుంటే తూకంలో తేడాకు లారీ బాధ్యత ఏముంటుంది?

ఆలస్యం సంగతి. ఈ-వే బిల్లు మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది. 600 కిలోమీటర్లకు మూడు రోజులు. రెండు రోజుల్లో చేరిన లారీని గేటు బయట ఇంకో రెండు రోజులు నిలబెడితే, రోడ్డు మీద ఉండగానే బిల్లు గడువు తీరిపోతుంది. గడువుకు ఎనిమిది గంటల ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత వరకే పొడిగించుకునే వీలుంది. ఆ పదహారు గంటలు దాటాక తనిఖీ జరిగితే బండిని నిలిపేస్తారు. సరుకు మీద పన్ను, జరిమానా అంటూ నోటీసులొస్తాయి. నిలబెట్టిన గోదాముకు ఒక్క కాగితం కూడా రాదు. డ్రైవరు రోడ్డు పక్కన నిద్ర, నీళ్లు, మరుగుదొడ్డి లేకుండా గడిపే ఆ రెండు రోజులకు రేటు కట్టినవాళ్లు లేరు.

ఇంత చెప్పాక హమాలీల వైపు చూడకపోతే ఈ ఉత్తరం ఒంటికన్నుతో రాసినట్టవుతుంది. 500 బస్తాలను ఎనిమిది మంది దించితే మనిషికి 62, 63 బస్తాలు, అంటే మూడు టన్నుల పైచిలుకు. బస్తాకు 6 చొప్పున వచ్చిన 3,000లో తలకు 375. అందులో మేస్త్రీ వాటా తీసేయాలి. లారీ రాని రోజు కూలీ లేదు. నడుం పట్టేస్తే ఆ వారం లేదు. పెద్దవాడు ఒక్కడే మోసే బరువు 55 కిలోలు దాటకూడదని 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసింది. ఈ ముఠాల్లో పీఎఫ్, ఈఎస్ఐ మాట విన్నవాళ్లే తక్కువ. లారీవాళ్లూ హమాలీలూ గేటు దగ్గర ఒకరి చొక్కా ఒకరు పట్టుకుంటుంటే ఏసీ గదిలో ఉన్నవాడికి అంతకంటే కావాల్సింది ఏముంది?

బస్తా లెక్కలో ఇంకో కిటుకు ఉంది. 2018 నుంచి యూరియా బస్తా 50 కిలోల బదులు 45 కిలోలైంది. అదే 25 టన్నులకు ఇదివరకు 500 బస్తాలు, ఇప్పుడు 555. బస్తాకు 6 రూపాయలే ఉంచినా దిగుమతి ఖర్చు 3,000 నుంచి 3,330కి పోయింది. రేటు పెంచినట్టు ఎవరూ అనలేదు, పెరిగింది. హమాలీకి ఇది మేలే, బరువు తగ్గింది, కూలీ పెరిగింది, సంతోషం. కానీ ఆ 330 కూడా లారీ మీదే పడుతోంది. అందుకే రేటు టన్నుకు కట్టి, దాని పక్కన బస్తా బరువు రాయాలి.

రేటు రాయడం సాధ్యం కాదనేవాళ్లు మార్కెట్ యార్డులకు వెళ్లి చూడాలి. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద గుంటూరు మిర్చి యార్డులోనూ, వరంగల్ ఏనుమాముల మార్కెట్లోనూ హమాలీలకు, దడవాయిలకు (తూకం వేసేవారికి) లైసెన్సులుంటాయి. ఏ పనికి ఎంత కూలీ అన్నది వ్యాపారులు, కార్మికులు, మార్కెట్ కమిటీ కూర్చుని ఖరారు చేసుకుంటారు. తక్‌పట్టీలో, అంటే అమ్మకం లెక్క చీటీలో, హమాలీ ఖర్చు విడిగా కనిపిస్తుంది. అక్కడ గొడవలు లేవని కాదు, ఉన్నాయి. కానీ గొడవ పడడానికి ఒక అంకె ఉంది. యార్డు గోడ దాటి బయట ప్రైవేటు గోదాముకు వస్తే ఆ అంకె మాయమవుతుంది.

ధాన్యం సీజన్లో మాత్రం తప్పు మా వైపూ ఉంది. కొనుగోలు కేంద్రాల దగ్గర లారీ డ్రైవర్లు రైతును బస్తాకింత అని అడుగుతున్నారన్న వార్త ఏటా మీ పత్రికలో వస్తూనే ఉంటుంది. అడగడం తప్పు, అందులో రెండో మాట లేదు. అయితే ఆ డ్రైవరు మిల్లు దగ్గర రెండు మూడు రోజులు వరసలో ఉంటాడు, అక్కడ దిగుమతికి కడతాడు, తడిసిందని బస్తాలు పక్కన పెడితే మళ్లీ ఎత్తడానికి కడతాడు. మిల్లు గేటు దగ్గర పోయేది తూకం దగ్గర రైతు నుంచి రాబడుతున్నాడు. అధికారులు వచ్చి డ్రైవరు మీద కేసు పెట్టి వెళ్తారు. మిల్లు గేటు వైపు చూడరు. గొలుసు ఆ చివర పట్టుకుంటే తప్ప ఈ చివర ఆగదు.

ఇతర చోట్ల ఏం చేశారో క్లుప్తంగా. మహారాష్ట్రలో 1969 నుంచి మాథాడీ హమాలీల చట్టం ఉంది. పని చేయించుకునే యజమాని కూలీని, దాని మీద లెవీని బోర్డుకు కడితే బోర్డు కార్మికుడికి ఇస్తుంది. కేరళలో 1978 నుంచి చుమటు కార్మికుల చట్టం ఉన్నా ‘నోక్కుకూలీ’ అనే జబ్బు చాలాకాలం పీడించింది. నోక్కుకూలీ అంటే యంత్రం దించుతుంటే పక్కన నిలబడి చూసినందుకు కూలీ. 2018 మే 1 నుంచి దాన్ని రద్దు చేశారు. ఆ తర్వాత కూడా హైకోర్టు గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే రద్దు అన్న మాట ఒక్కటే చాలదని అర్థం. అమెరికాలో దించే కూలీలను ‘లంపర్లు’ అంటారు. దించడానికి మనుషులు కావాలని సరుకు పంపేవాడో అందుకునేవాడో అంటే, ఆ మనుషులను వాళ్లే ఇవ్వాలి, లేదా ఖర్చు వాళ్లే భరించాలి, బలవంతంగా డ్రైవరు చేత పెట్టించకూడదని అక్కడి ఫెడరల్ చట్టంలో ఉంది. అక్కడా పేచీలున్నాయి. కానీ డ్రైవరు రసీదు తెచ్చి కంపెనీ నుంచి రాబట్టుకోవడం అక్కడ మామూలు సంగతి.

మన దగ్గర 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 నాటి నిబంధనలు ఉన్నాయి. పంపేవాడు సరుకు వివరాల పత్రం ఇవ్వాలి, రవాణాదారు రసీదు ఇవ్వాలి. కాగితం విషయంలో చట్టం పట్టింపుగానే ఉంది. ఆ కాగితం మీద హమాలీ గడిని ఖాళీగా వదలకూడదని రాష్ట్ర రవాణా శాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే సగం పేచీ గేటు దాకా రాదు. మిగతా సగానికి కార్మిక శాఖ రావాలి. ప్రతి గోదాము గేటుకు టన్ను రేటు, ఎవరు కట్టాలో రాసిన బోర్డు, ముఠాకు కూలీ గోదాము నుంచే బ్యాంకు ద్వారా. డ్రైవరు చేతిలోంచి ముఠా చేతికి నగదు మారే పద్ధతి పోవాలి. అది ఉన్నంతకాలం మధ్యలో ఎవరెంత తీసుకుంటున్నారో హమాలీకీ తెలియదు, లారీకీ తెలియదు. గేటు రిజిస్టర్లో బండి వచ్చిన టైము రాసి దాని మీద డ్రైవరు సంతకం తీసుకోవాలి.

ఇవన్నీ వచ్చేలోగా ఓనర్లు, డ్రైవర్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. లోడు ఒప్పుకునేటప్పుడు హమాలీ ఎవరిదో వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట గేటు దగ్గరికి రాదు. గేటు చేరగానే గోదాము బోర్డు, బండి నంబరు కలిసి వచ్చేలా ఫోటో తీసి, ‘చేరాం’ అని టైముతో ఆఫీసుకూ పార్టీకీ పంపండి. రిజిస్టర్లో రాయకపోయినా చివరి టోల్ దగ్గర ఫాస్టాగ్ పడిన టైము ఉంటుంది, జీపీఎస్ ఉంటుంది. ఆ స్టేట్‌మెంట్ దాచుకోండి. కట్టక తప్పకపోతే నగదు వద్దు, యూపీఐలో పంపి, వివరం దగ్గర బండి నంబరు, ‘దిగుమతి హమాలీ’ అని రాయండి. పీవోడీ మీద గుమస్తా షార్టేజ్ రాస్తే, పక్కనే డ్రైవరు ‘బస్తాలు 500 సరిపోయాయి, ఖాళీ తూకం తీయలేదు’ అని తన రాతతో రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసుకోవాలి. గుమస్తా రాసింది ఒక్కటే ఉంటే అదే నిజమవుతుంది. డబ్బు కడితే గానీ గేటు తీయం అని లోపల ఆపేస్తే 100కో 112కో ఫోన్ చేయడానికి వెనకాడొద్దు. మనిషిని కదలనీయకుండా అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కిందికి వచ్చే విషయం.

హాల్టింగ్, కోసేసిన బ్యాలెన్స్ రాబట్టుకునే దారి ఒకటి చాలామంది ఓనర్లకు తెలియదు. రవాణా కూడా సేవే కాబట్టి ఒక్క లారీ ఓనరైనా ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్లో సూక్ష్మ సంస్థగా రిజిస్టర్ కావచ్చు. అలా చేసుకుని బిల్లు ఇస్తే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి బకాయి పెట్టకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టవచ్చు. దీనికి బిల్లు కావాలి, గేటు చేరిన టైముకు రుజువు కావాలి. పై ఫోటోల అవసరం అక్కడే వస్తుంది. రిజిస్ట్రేషన్ బిల్లు కంటే ముందే అయి ఉండాలి, గొడవ వచ్చాక చేయించుకుంటే పాత బకాయికి పనికి రాకపోవచ్చు.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు ఒక మాట. ‘హమాలీ పార్టీది’ అని డ్రైవరుకు, ‘అన్నీ కలిపే’ అని పార్టీకి చెప్పి లోడు పట్టేవాళ్లు మనలోనే ఉన్నారు. టన్నుకు 50 తగ్గించి పోటీలో లోడు గెలిచి, ఆ 50ని గేటు దగ్గర డ్రైవరు మీదికి నెట్టడం వ్యాపారం కాదు. మూడు వరసల రబ్బరు స్టాంపు ఒకటి చేయించుకుంటే చాలు: ‘దిగుమతి హమాలీ, కాటా, గోదాము ఖర్చులు సరుకు అందుకునేవారివి. లారీకి సంబంధం లేదు. గేటు చేరిన 24 గంటల తర్వాత హాల్టింగ్ రోజుకు రూ. ____’. పార్టీతో ఒప్పందం వేరేగా ఉంటే ‘అందుకునేవారివి’ కొట్టేసి ‘పంపేవారివి’ అని రాయండి, ఎవరిదో ఒకరిది అని తేలడం ముఖ్యం. స్టాంపు బిల్టీ అన్ని కాపీల మీదా, పంపేవారి సంతకం పడక ముందే గుద్దాలి. డ్రైవరు కాపీ మీద ఒక్కదాని మీదే ఉంటే ‘దారిలో గుద్దుకొచ్చారు’ అంటారు. కార్బన్ కాపీలకు స్టాంపు కిందికి దిగదు, ఒక్కో కాగితం ఎత్తి విడివిడిగా గుద్దుకోవాలి. ఆ హాల్టింగ్ అంకెను కూడా ఖాళీగా వదలకండి.

— ఒక లారీ ట్రాన్స్‌పోర్టు గుమస్తా
ఆటోనగర్, విజయవాడ